సాకే చేతికి పేరు లేదా?

(అంతర్జాతీయ మహిళా దినోత్సవం సందర్భంగా హాలహర్విలో జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభకు రమ్మన్నప్పుడు దేని గురించి మాట్లాడతారని అడిగారు. ప్రయోగశాలల్లో జంతువులను సాకే కార్మికుల గురించి అన్నాను. ఫోన్‌లో అవతల కొంచెంసేపు మాట లేదు. చివరికి "ఎలుకల గురించా మేడం?" అన్నారు. ఎలుకల గురించి కాదు, ఎలుకలను సాకే ఆడవాళ్ల గురించి అన్నాను.

ఈ మాట హాలహర్విలో ఎందుకు? ఈ పొద్దు ఇక్కడికి వచ్చేముందు పశువుల కొట్టం ఊడ్చి, పేడ ఎత్తి, కుడితి పెట్టి వచ్చినవాళ్లు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. ఎనుము రేపో మాపో ఈనుతుందని మీరు దాని నడక చూసి చెప్పగలరు. గొర్రె మేత మేయకుండా పక్కకు నిలబడితే దానికి జ్వరం వచ్చిందని మీకు తెలుస్తుంది. ఈ తెలివికి ఊళ్లో ఏ పేరుంది? అలవాటు అంటారు. ఆడవాళ్లకు పుట్టుకతోనే వస్తుందంటారు. చదువుకున్న మగవాడు చేస్తే నైపుణ్యం, మనం చేస్తే స్వభావం. ఇంటి వాడకం కోసమే పాలు పిండినా అదీ పనేనని మన జనగణన ఒప్పుకున్నది 2001లో. అప్పటిదాకా ఆ పని ప్రభుత్వ లెక్కలో పనే కాదు.

ఇదే అన్యాయం అద్దాల గోడల మధ్య, ఏసీ గదుల్లో, సైన్సు పేరు మీద ఎలా జరుగుతుందో చెప్పడానికి వచ్చాను.

మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కుక్క కరిస్తే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేసేవాళ్లు. ఆ మందు గొర్రె మెదడుతో తయారయ్యేది. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టరు రూపొందించిన పద్ధతి అది. మన దేశంలో 2004 చివరిదాకా నడిచింది. పాముకాటుకు ఇచ్చే మందు ఈనాటికీ గుర్రాల రక్తం నుంచే వస్తుంది. 2020లో కరోనా టీకా కోవాగ్జిన్‌ను చిట్టెలుకల మీద, కోతుల మీద పరీక్షించారు. ఆ కథను పుస్తకంగా రాసిన అప్పటి ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ ఆ విజయంలో ఇరవై కోతులకు కూడా భాగం ఇచ్చారు. సంతోషమే. కోతులను తలచుకున్న మనం, వాటికి మేత పెట్టి, గూళ్లు కడిగి, ఏది తిన్నదో ఏది తినలేదో చూసినవాళ్లను తలచుకున్నామా?

వాళ్లేం పని చేస్తారో చెబుతాను. పొద్దున్నే స్నానం చేసి, బట్టలు మార్చుకొని, గౌను, మాస్కు, టోపీ, గ్లవుజులు వేసుకొని లోపలికి పోవాలి. పంజరాలు మార్చాలి. కింద పరిచే ఊకనో మొక్కజొన్న బెండ్ల పొడినో ఆవిరిలో శుద్ధి చేసి పరవాలి. నీళ్ల సీసాలు కడిగి నింపాలి. గదిలో వేడి ఎంత, తేమ ఎంత, దీపాలు పన్నెండు గంటలు వెలిగి పన్నెండు గంటలు ఆరుతున్నాయా చూసి రాయాలి. ఏ తల్లి ఈనింది, ఎన్ని పిల్లలు, మూడు వారాలకు పాలు మాన్పించాలి, ఆడవీ మగవీ వేరు చేయాలి, చెవికి గుర్తు వేయాలి, తూకం వేయాలి. చెయ్యి మోటుగా తగిలితే తల్లి బెదిరి తన పిల్లలనే తినేస్తుంది. ఇదంతా చేసే మనిషి హోదా చాలాచోట్ల అటెండరు. లేదా హెల్పరు. లేదా కాంట్రాక్టరు లిస్టులో ఒక నంబరు.

హైదరాబాదులో నేను కలిసిన ఒకామె సంగతి చెబుతాను. ఆమె పేరుగానీ సంస్థ పేరుగానీ చెప్పను. వాళ్లది ఆలూరు పక్కన పల్లె. చిన్నప్పుడు అమ్మానాయనలతో సుగ్గికి పోయి గుంటూరు వైపు మిరపకాయలు కోసింది. ఏడో తరగతితో చదువు ఆగింది. పెళ్లయ్యాక హైదరాబాదు చేరి ఒక జంతుశాలలో తొమ్మిదేళ్లు పని చేసింది. ఆ తొమ్మిదేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు మారారు. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ ఆమె కొత్తగా చేరినట్టే లెక్క, జీతం మొదటికే వచ్చేది. డిప్లొమా చేసి వచ్చిన ఒక కుర్రాడికి ఎలుకను ఎలా పట్టుకోవాలో నేర్పింది ఆమే. ఏడాది తిరిగేసరికి అతడు ఆమెకు సూపర్‌వైజరు.

ఒక పొద్దున ఒక వరుసలో సీసాలు ఎత్తితే బరువుగా ఉన్నాయి. అంటే ఎలుకలు నీళ్లు తాగలేదు. ఒకటి రెండు కాదు, వరుసంతా. ఆమె పోయి పైవాళ్లకు చెప్పింది. "నీ పని నువ్వు చూసుకో" అన్నారు. రిజిస్టరులో తానే రాద్దామంటే, అందులో ఆమె రాసేందుకు గడి లేదు. పదిహేను రోజుల తర్వాత ఎలుకల తూకం పడిపోయిందని గొడవ మొదలైంది. కొత్తగా తెచ్చిన సీసాల మూతుల్లో లోపం ఉందని, నీళ్లు సరిగా రావడం లేదని అప్పుడు తేలింది. ప్రయోగం మొత్తం పనికిరాకుండా పోయింది. ఆ ఎలుకలన్నిటినీ చంపేశారు. మళ్లీ కొత్త ఎలుకలతో మొదలుపెట్టారు. ముందే ఎందుకు చెప్పలేదని తిట్లు తిన్నది మాత్రం ఆమే.

"చెప్పినా ఇనేవాళ్లెవరు మేడం? నేను చెప్పింది మాట కింద లెక్క గాదు కదా" అంది.

నా సామాజికశాస్త్రం చదువంతా ఈ ఒక్క మాట దగ్గర నిలబడిపోయింది. ఆమెకు తెలియక కాదు. తెలిసిన సంగతి పైకి పోయే దారి లేదు. ఆ దారి లేనందువల్ల ఆమె ఒక్కతే నష్టపోలేదు. ఆ ఎలుకలు ఉత్తపుణ్యానికి చచ్చాయి. మూతి లోపం బయటపడకపోతే, ఆ తప్పుడు లెక్కే రేపు ఒక మందు గురించిన నిజంగా చెలామణీ అయ్యేది. ఆ మందు మింగేది మీరూ నేనూ.

చేతికీ ఫలితానికీ ఉన్న సంబంధాన్ని ఇప్పుడు సైన్సే చెబుతోంది. ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో జేన్ హర్స్ట్, రెబెకా వెస్ట్ అనే ఇద్దరు స్త్రీలు 2010లో ఒక సంగతి రుజువు చేశారు. చిట్టెలుకను తోక పట్టుకొని ఎత్తితే దానికి భయం, ఆందోళన పెరుగుతాయి. దోసిట్లోకి తీసుకుంటే, లేదా చిన్న గొట్టంలోకి ఎక్కించి ఎత్తితే అవి తగ్గుతాయి. 2014లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు ఇంకొకటి చూపించారు. గదిలో మగవాడు ఉన్నా, మగవాడు తొడిగి విడిచిన చొక్కా ఉన్నా ఎలుకలకు ఒత్తిడి పెరిగి, నొప్పి తెలియడంలోనే తేడా వస్తుంది. ఆడవాళ్లు ఉంటే అలా జరగలేదు. దీన్నిబట్టి ఆడవాళ్లు పుట్టుకతోనే మెత్తని చేతులవాళ్లని నేను చెప్పబోవడం లేదు. ఆ మాటతోనే మనకు వందల ఏళ్లుగా కూలి తగ్గిస్తున్నారు. మన కర్నూలు జిల్లా విత్తన పత్తి చేలలో ఆడపిల్లలను క్రాసింగుకు పెట్టింది కూడా సన్న వేళ్లనే సాకుతోనే. నేను చెప్పేది ఒకటే. సాకే మనిషి ఎవరు, ఎలా సాకుతున్నారు అనేది ప్రయోగంలో భాగం. అలాంటప్పుడు ఆ మనిషి ప్రయోగానికి బయట ఎందుకు ఉండాలి?

ఇక్కడొక అమెరికన్ స్త్రీని తలచుకోవాలి. ఆమె పేరు అబీ లాథ్రప్. 1868లో పుట్టింది. బడిపంతులమ్మగా పనిచేసి మానేసి, 1900 ప్రాంతంలో మసాచుసెట్స్‌లోని గ్రాన్బీ అనే ఊళ్లో చిట్టెలుకలు పెంచి అమ్మడం మొదలుపెట్టింది. కొన్ని ఎలుకల ఒంటి మీద పుండ్లు కనిపిస్తే ఊరుకోలేదు, శాస్త్రజ్ఞులకు పంపించింది. అవి క్యాన్సరు గడ్డలని లియో లోబ్ అనే శాస్త్రజ్ఞుడు తేల్చాడు. ఆ తర్వాత ఇద్దరూ కలిసి పరిశోధన చేశారు. అండాశయాలు తీసేసిన ఆడ ఎలుకల్లో రొమ్ము గడ్డలు తగ్గుతాయని చూపించారు. ఆ పత్రాల మీద లోబ్ పేరుతోపాటు ఆమె పేరు కూడా ఉంది. ఆమె 1918లో పోయింది. ఆమె పెంచిన ఎలుకల సంతతి నుంచే 1921లో సీ57 అనే జాతి వచ్చింది. ఈనాటికీ ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రయోగశాల ఎలుకల్లో అదొకటి. ఆమెకు డిగ్రీల బలం లేదు. రోజూ చూసే కన్ను ఉంది. ఆ కన్నును ఒక శాస్త్రజ్ఞుడు నమ్మాడు. మన ఆలూరు చెల్లెలికి దొరకనిది ఆ నమ్మకమే.

నమ్మకం మనుషుల మంచితనం మీద ఆధారపడితే చాలదు. చట్టంలో, నియమాల్లో ఉండాలి. బ్రిటన్‌లో ఈ కార్మికులు 1950లోనే సంఘం పెట్టుకున్నారు. ఈనాడు అది పరీక్షలు పెట్టి అర్హతలిచ్చే సంస్థ. అక్కడ 1986 చట్టం ప్రకారం ప్రతి ప్రయోగశాలలో జంతువుల రోజువారీ బాగోగులు చూసే మనిషిని పేరుపెట్టి నియమించాలి. అమెరికాలో ఈ టెక్నీషియన్లకు మూడు మెట్ల సర్టిఫికెట్లున్నాయి. యూరప్ దేశాల 2010 ఆదేశం ప్రకారం జంతు సంక్షేమ బృందంలో, సాకే బాధ్యత ఉన్నవాళ్లు తప్పక ఉండాలి.

మన దగ్గర? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద 1998లో నియమాలు వచ్చాయి. ప్రతి సంస్థలో ఒక నైతిక కమిటీ ఉండాలి. జీవశాస్త్రజ్ఞుడు ఒకరు, వేరువేరు శాఖల శాస్త్రజ్ఞులు ఇద్దరు, పశువైద్యుడు, జంతుశాల బాధ్యుడైన శాస్త్రజ్ఞుడు, బయటి సంస్థ శాస్త్రజ్ఞుడు, శాస్త్రజ్ఞుడు కాని సామాజిక స్పృహ ఉన్న వ్యక్తి, ప్రభుత్వ కమిటీ ప్రతినిధి. వేళ్లు మడిచి లెక్కపెట్టండి, ఎనిమిదిమంది. రోజూ పంజరం తెరిచే మనిషి ఈ ఎనిమిదిలో లేదు. సామాజిక స్పృహకు చోటుంది, చేతులకు చోటు లేదు.

శిక్షణ అసలే లేదని అనను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు 1976లో ప్రయోగశాల జంతువుల విభాగం వచ్చింది. 1998లో అది జాతీయ కేంద్రమైంది. టెక్నీషియన్లకు, సూపర్‌వైజర్లకు కోర్సులు నడిపింది. 2022లో జీనోమ్ వ్యాలీలో ఐసీఎంఆర్ పెద్ద జంతు వనరుల కేంద్రాన్నే తెరిచింది. కానీ ఏడో తరగతి చదివిన కాంట్రాక్టు మనిషిని జీతం కోయకుండా కోర్సుకు పంపేదెవరు? ఆమెకు తెలుగులో పాఠం చెప్పేదెవరు?

ఈ పనికి ఒళ్లు కూడా ఖర్చవుతుంది. ఎలుకల మూత్రంలో ఉండే ప్రోటీను గాలిలో కలిసి ముక్కు కారడం, తుమ్ములు, చివరికి ఉబ్బసం తెస్తుంది. ఇది ప్రపంచమంతా గుర్తించిన వృత్తిరోగం. కాట్లు, గీరుళ్లు సరేసరి. మనసు సంగతి ఇంకొకటి. పిల్లగా ఉన్నప్పటినుంచి సాకినదాన్ని ప్రయోగం అయిపోయాక చంపాలి, చాలాసార్లు చంపడానికి అందించేది ఆ సాకిన చెయ్యే. సంతకు మేకను తోలిన రోజు మీ ఇంట్లో కూడు సహించదు కదా. వాళ్లకు అది వారం వారం. ఏడిస్తే పనికిరానిదంటారు, ఏడవకపోతే రాతిగుండె అంటారు.

జంతువుల మీద ప్రయోగాలే వద్దని కొందరు మిత్రులు అంటారు. ఆ వాదాన్ని గౌరవిస్తాను. రసెల్, బర్చ్ అనే ఇద్దరు 1959లోనే మూడు సూత్రాలు చెప్పారు. వీలైతే జంతువు బదులు వేరే పద్ధతి వాడాలి, వాడక తప్పనప్పుడు సంఖ్య తగ్గించాలి, వాటి బాధ తగ్గించాలి. మన దేశంలో కూడా 2023లో మందుల నియమాలు సవరించి, జంతువులు లేని పరీక్షలకు దారి ఇచ్చారు. మంచిదే. అయితే బాధ తగ్గించడం అనే మూడో సూత్రం అమలయ్యేది ఎవరి చేతుల్లో? జంతుశాలలు తగ్గిననాడు మొదట వీధిలో పడేది ఎవరు? కొత్త పద్ధతులు నేర్చుకునే హక్కు శాస్త్రజ్ఞులకు ఉన్నట్టే వీళ్లకూ ఉండాలి.

కాబట్టి మనం అడగాల్సినవి పెద్ద కోరికలేమీ కావు. అటెండరు అనే పిలుపు పోయి టెక్నీషియన్ అనే హోదా రావాలి. కాంట్రాక్టరు మారినా పనిచేసిన ఏళ్లు లెక్కలో ఉండాలి. తెలుగులో శిక్షణ, దానికి విలువైన సర్టిఫికెట్టు, పైమెట్టుకు దారి ఉండాలి. ఏడాదికొకసారి ఊపిరితిత్తుల పరీక్ష ఉండాలి. నైతిక కమిటీలో ఒక కుర్చీ ఉండాలి. పరిశోధన పత్రం చివర కృతజ్ఞతల్లో ఆమె పేరు ఉండాలి. అన్నిటికంటే ముందు, రిజిస్టరులో ఆమె చూసింది రాయడానికి ఒక గడి ఉండాలి. దానికి కోట్లు అక్కర్లేదు, ఒక గీత చాలు.

మీ బిడ్డలు ఆదోనిలో ఇంటరు, డిగ్రీ చదువుతున్నారు. రేపు వాళ్లలో కొందరు హైదరాబాదుకో బెంగళూరుకో ఇలాంటి ఉద్యోగాలకు పోతారు. పోయేముందు వాళ్లకొక మాట చెప్పి పంపండి. చేరేటప్పుడు కాగితం మీద హోదా ఏమి రాశారో చదువుకోమనండి. సర్టిఫికెట్టు అడగమనండి. పక్కన పనిచేసే ఆడవాళ్లతో కలిసి అడగమనండి.

ఆలూరు చెల్లెలు ఇప్పుడు ఆ పని మానేసింది. ఒక ఇంట్లో ముసలామెను చూసుకుంటోంది. అక్కడా సాకే పనే, అక్కడా కాగితం లేదు. మొన్న ఫోన్ చేసి, "మీటింగులో నా సంగతి చెప్తారా మేడం?" అని అడిగింది. చెబుతానన్నాను. "సీసాల సంగతి చెప్పండి. నేను ముందే చెప్పినానని చెప్పండి" అంది.

చెప్పాను. ఇది అచ్చయితే ఆమెకు ఒక ప్రతి పంపిస్తాను. ఆమె ముందే చెప్పిందని ఒక కాగితం మీదైనా ఉంటుంది.