ఇచ్చుటకు మనకున్నది ఏది?



పుత్తూరు కట్టు మన ప్రాంతమునకు పేరు తెచ్చినది. ఎముక విరిగినవానికి ఆకుపసరు పూసి, గుడ్డ చుట్టి, వెదురుబద్దలతో కట్టుదురు. కట్టు ఎముకను కదలకుండ నిలుపును; అతుకునట్టిది మాత్రము దేహములోని శక్తియే. ఆ శక్తి కొన్ని కణములయందు విశేషముగ నుండునని, అవి తాము వృద్ధి చెందుచు ఇతర కణములుగ మారగలవని శాస్త్రజ్ఞులు కనుగొనిరి. వానికే మూలకణములని, స్టెమ్ సెల్స్ అని పేరు. ఎముకల మూలుగలో, చర్మములో, కంటి అంచున అవి కలవు. పిండమునందు వాని శక్తి మిక్కిలి అధికము. ధర్మసంశయము ఇచ్చటనే పుట్టినది.

1987లో స్వీడన్ దేశపు లుండ్ నగర వైద్యులు, గర్భస్రావము చేయించుకొనిన స్త్రీల పిండములనుండి మెదడు కణజాలమును గ్రహించి, పార్కిన్సన్స్ అను వణుకు వ్యాధి గలవారి మెదడులో నాటిరి. 1998లో అమెరికాలో జేమ్స్ థామ్సన్ కొద్దిదినముల మానవ పిండమునుండి మూలకణములను వేరుచేసెను. ఆ క్రియలో పిండము నశించును. రోగి బాధ నిజము. దానిని తీర్చగోరిన వైద్యుని దయయు నిజమే. అయినను, ఒక ప్రాణమునకై వేరొక ప్రాణమూలమును వినియోగింపవచ్చునా?

గర్భోపనిషత్తు ఏడవ మాసమున పిండము జీవునితో కూడునని చెప్పుచున్నది. దీనిని పట్టుకొని, అంతకు ముందున్నది మాంసఖండమే గదా అనువారు కలరు. కాని చరకుడు, శుక్రశోణితములు జీవునితో కుక్షియందు కూడినప్పుడే గర్భమనెను. మనుస్మృతి, ఆడో మగో తెలియని గర్భమును చంపినను బ్రహ్మహత్యా ప్రాయశ్చిత్తమునే విధించినది. గాజుపాత్రలోని పిండము కుక్షిని చేరనే లేదు గదా అని తార్కికుడు మరల అడుగవచ్చును. ఉచితమైన ప్రశ్నయే. ఋషుల కాలమున ఆ పాత్ర లేదు. సూటియైన విధివాక్యము దొరకదు. గాంధారి పిండమును నేతికుండలలో నుంచిన కథ చూపి, ఇదంతయు మనకు ముందే తెలియుననుటయు తగదు. వ్యాసుడు ఆ ముద్దను నూటొక్క బిడ్డలుగ బ్రతికించెనే గాని ఇతరులకు ఔషధము చేయలేదు. సంశయమున్నచోట హింస తక్కువైన త్రోవ పట్టుటయే పెద్దల మర్యాద.

ఆ త్రోవ కలదా? కలదు. మన శ్రీకాళహస్తిలో తిన్నడు స్వామి కంట నెత్తురు చూచి, వేటగాడయ్యును ఏ మృగము కన్నో తెచ్చి పెట్టలేదు. తన కన్నే పెరికి యిచ్చెను. శిబి తన మాంసమును, దధీచి తన ఎముకలను ఇచ్చిరి. తనది తానిచ్చినది దానము. నోరులేనిదాని దేహమును మనమిచ్చినచో దానిని దానమనజాలము.

హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థలో 2001 నుండి జరిగిన చికిత్సను చూడుడు. సున్నమో ఆమ్లమో పడి ఒక కన్ను చెడినవారికి, వారి రెండవ కంటి అంచునుండి చిన్న ముక్క తీసి, ప్రసవానంతరము లభించిన మాయపొరపై పెంచి, చెడిన కంట నాటిరి. ఏ పిండమునకును హాని లేదు. జపానులో షిన్యా యమనక 2006లో ఎలుక కణములను, 2007లో మనుష్యుల చర్మకణములను మూలకణములవంటి స్థితికి మరలించెను. 2012లో నోబెల్ బహుమతి నందెను.

భారత వైద్య పరిశోధన మండలి 2017 నియమావళి, దంపతుల సమ్మతితో, మిగిలిన పిండములపై పరిశోధనకు తావిచ్చుచు, 14 దినములకు మించి వానిని పెంచరాదని కట్టడి చేసినది. చట్టమొప్పినదెల్ల ధర్మమగునని లేదు. అయినను హద్దు ఉండుట మేలు.

సంతానార్థము ఆసుపత్రుల కేగు దంపతులకు ఒక మాట. మిగిలినవి ఎటులైనను పారవేయునవే గదా అని మీతో అనవచ్చును. ఆ మాట వినవలసిన అవస్థ రాకుండ, అవసరమునకు మించి పిండములను చేయవద్దని మొదటనే వైద్యుని కోరుడు. కాగితము పూర్తిగ చదివించుకొనిన పిదపనే సంతకము చేయుడు. గర్భము పోగొట్టుకొనిన తల్లిని ఎవరును నిందింపకుడు. ఆమె దుఃఖమే ఆమెకు చాలును.

ఇచ్చుటకు మనకు మన దేహమున్నది. బ్రతికియుండగ రక్తమియ్యుడు. మరణానంతరము కన్నులియ్యుడు, అందువలన అంత్యసంస్కారమునకు లోపమేమియు రాదు. కన్నప్పను కొలుచు సీమలో పుట్టిన మనకు ఇది క్రొత్త ధర్మము కాదు.

స్వస్తి.