మా బిడ్డ – మన ఊరు
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లుగా మన యూరికి చదువు పంచుచున్న ఈ గ్రంథాలయము యొక్క రజతోత్సవమున నన్ను మాటాడుమని కార్యదర్శిగారు కోరినప్పుడు సంకోచించితిని. నేను పండితుడను కాను. సింగరేణి భూగర్భగనిలో సర్దారుగా పనిచేయువాడను. సాహిత్యమును గూర్చి చెప్పగలవారు ఈ వేదికపై పెక్కురున్నారు. కావున నాకు తెలిసిన ఒక్క విషయమును, అనగా మా కుమారుని పెంపకమును గూర్చి మనవి చేసెదను.

మావాడు 2009లో జన్మించెను. కొలది దినములకే వైద్యులు వానికి డౌన్ సిండ్రోమ్ కలదని చెప్పిరి. మానవ కణమునందు సాధారణముగా 46 క్రోమోజోములుండును. ఈ బిడ్డలలో చాలమందికి 21వ క్రోమోజోము రెండింటికి బదులు మూడుండుటచే మొత్తము 47 అగును. ఈ లక్షణములను 1866లో జాన్ లాంగ్‌డన్ డౌన్ అను ఆంగ్ల వైద్యుడు వర్ణించెను. అసలు కారణము 1959లో ఫ్రాన్సు దేశమున జెరోమ్ లెజూన్ మొదలగువారి పరిశోధనవలన వెల్లడియయ్యెను.

ఈ సంగతి తెలియని బంధువులు కొందరు, గ్రహణమునాడు బయట తిరిగినదని నా భార్యను నిందించిరి. ఆమె ఎన్నో రాత్రులు అన్నము ముట్టలేదు. సోదరీమణులారా! ఇది గ్రహణదోషము కాదు, పూర్వజన్మ పాపము కాదు. కణములు విభజనమగునప్పుడు కలుగు తేడా మాత్రమే. తల్లి వయస్సు హెచ్చినకొలది దీనికి అవకాశము హెచ్చును. కాని చిన్నవయస్సు తల్లులకును ఇట్టి బిడ్డలు పుట్టుచునే యున్నారు. ఎవరి తప్పును కాదు.

ఇట్టి బిడ్డలలో సుమారు సగముమందికి గుండెలో పుట్టుకతోడి లోపముండును. కావున పుట్టిన వెంటనే గుండె పరీక్ష చేయింపవలెను. థైరాయిడ్, చూపు, వినికిడి పరీక్షలు పెరుగు వయస్సునందును మానరాదు. ఇవన్నియు మేము చేయించితిమి. అంతటితో మా పని తీరినదనుకొంటిమి. అక్కడనే పొరపడితిమి.

డౌన్ సిండ్రోమ్ గల పిల్లలు మాట ఆలస్యమైనను మనుష్యులను ప్రేమింతురు. ఎదుటివారిని చూచి అనుకరింతురు. చేతులతోనైనను తమ కోరిక తెలుపుదురు. మావాడట్లు చేయలేదు. పిలిచిన పలుకడు, వ్రేలితో దేనిని చూపడు, గిన్నె మూతను గంటలకొలది త్రిప్పుచుండును. మూడవయేట వచ్చిన నాలుగు మాటలు నాలుగవయేట పోయినవి. చూపించినచోటనెల్ల ‘ఈ పిల్లలింతే’ అనిరి. మేమును అదే నమ్మితిమి.

నా వృత్తి ఏమనుకొన్నారు? గనిలోని పైకప్పును కర్రతో తట్టి, చప్పుడు విని, అది గట్టిదో బోలుదో చెప్పుట. కంటికి గట్టిగానున్న కప్పును నమ్మరాదని క్రొత్తవారికి బోధించువాడను నేనే. అట్టి నేను నా బిడ్డ విషయమున ఒక్కమారును తట్టి వినలేదు. పైకి కనిపించిన పేరుతో తృప్తిపడితిని.

విన్నది మా అమ్మ. ఓపెన్‌కాస్టులో బ్లాస్టింగు జరుగు వేళకు ముందే వాడు మూలకు చేరి చెవులు మూసికొనుట ఆమె కనిపెట్టెను. “వాడు మొండోడు కాదు బిడ్డా, సప్పుడుకు బుగులు పడుతున్నడు” అనెను. ఆ మాట పట్టుకొని 2017లో సికింద్రాబాదునందలి మనోవికాస్ నగర్‌లో గల జాతీయ సంస్థకు పోతిమి. 1984లో స్థాపింపబడిన ఆ సంస్థలో వానిని ఓపికతో పరీక్షించి, డౌన్ సిండ్రోమ్‌తోపాటు ఆటిజం కూడ కలదని చెప్పిరి.

ఆటిజమును 1943లో లియో కానర్ అను వైద్యుడు వర్ణించెను. తల్లి ప్రేమ చాలకపోవుటచే ఇది కలుగునని ఒకప్పుడు కొందరు పండితులే వ్రాసిరి. ఆ మాట అసత్యమని తరువాత తేలినది. డౌన్ సిండ్రోమ్ గలవారిలో నూటికి పదిమందికి మించి ఆటిజం కూడ ఉండునని పరిశోధనలు చెప్పుచున్నవి. మొదటి పేరు రెండవదానిని కప్పివేయును. ఎనిమిదేండ్లు మేమట్లే పోగొట్టుకొంటిమి.

రెండవ పేరు తెలియుటవలన రోగము కుదురలేదు. మా పద్ధతి కుదిరినది. బిగ్గరగా చెప్పుట మాని బొమ్మలు చూపుట నేర్చితిమి. నా షిఫ్టు వారమువారమును మారును. నేనింటలేని రాత్రులలో వాడు తల గోడకు కొట్టుకొనెడివాడు. ఇప్పుడు గోడపై మూడు బొమ్మలున్నవి: ఉదయసూర్యుడు, దీపము, చంద్రుడు. ఏ వారము ఏ షిఫ్టో ఆ బొమ్మ క్రింద నా ఛాయాచిత్రము నుంచుదుము. చంద్రుని క్రింద నేనున్నచో వాడు కొంతసేపు చూచి పడుకొనును. బ్లాస్టింగు వేళకు ముందే అమ్మ వానిని లోపలిగదిలో నీళ్లగిన్నెతో కూర్చుండబెట్టును. స్నానము, భోజనము, నిద్ర ప్రతిదినము ఒకే వరుసలో జరుగును. చెంచా తానే పట్టుటకు రెండేండ్లు పట్టినది. ఆ దినము మా యింట పండుగ.

తల్లిదండ్రులు తెలియవలసిన చట్టములు రెండు కలవు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ప్రకారము, నలువది శాతమునకు తగ్గని వైకల్యము గల ఇట్టి బిడ్డలకు ఆరు మొదలు పదునెనిమిదేండ్లవరకు ఉచిత విద్య హక్కు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టము ప్రకారము, పదునెనిమిదేండ్లు నిండిన పిమ్మట వారికి సంరక్షకుని నియమింప వలసినచో జిల్లా కలెక్టరుతో కూడిన స్థానిక కమిటీకి దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆ ట్రస్టువారి నిరామయ పథకమున లక్ష రూపాయలవరకు వైద్యబీమా కలదు. మండలమునందలి భవిత కేంద్రములను గూర్చి పాఠశాలలో విచారింపుడు. వైకల్య ధ్రువపత్రము లేనిదే ఇందులో చాల పనులు సాగవు. కావున దానిని ముందుగా పొందవలెను.

కాని చట్టము సంరక్షకుని ఇచ్చునుగాని ఇరుగుపొరుగును ఇయ్యదు. ఒక శుభకార్యమున మావాడు కేకవేయగా ‘వీనినెందుకు తెచ్చితిరి’ అనిరి. ఆనాటినుండి మూడేండ్లు నా భార్య ఏ పెండ్లికిని పోలేదు. వాడు మొట్టమొదట నిర్భయముగా కూర్చుండిన బహిరంగ స్థలము ఈ గ్రంథాలయమే. ఇచ్చట చప్పుడు లేదు. వస్తువులు వాని చోటులలో నుండును. మొదట రెండు పుస్తకముల పుటలు చించినాడు. వెల చెల్లింపబోగా గ్రంథపాలకులు తీసికొనక, పాత వార్తాపత్రికల కట్ట వాని ముందుంచిరి. ఇప్పుడు ఆదివారములందు వాడు ఆ పత్రికల అంచులు సరిచేసి దొంతి పేర్చును. అందులో ఒక్క అంచును మీరింతవరకు వంకరగా చూచియుండరు.

మా యిద్దరికి వయస్సు మీరుచున్నది. వానికి త్వరలో పదునెనిమిదేండ్లు నిండును. మా తరువాత ఎవరు, అను ప్రశ్న ప్రతి రాత్రి మాతో నిద్రించి మాతో మేల్కొనును. దానికి నేను పూర్తి జవాబెరుగను. ధనము కూడబెట్టుదును, సంరక్షకుని వెదకుదును. తక్కినది మీ చేతులలో నున్నది. మీ యింట ఇట్టి బిడ్డ యున్నచో దాచకుడు. పొరుగింట నున్నచో పండుగకు పిలువుడు. కేకవేసినచో ఒక నిమిషము ఓర్చుకొనుడు. గ్రంథాలయమువారు క్రింది అరలో బొమ్మల పుస్తకములకు, వారమునకొక గంట ఇట్టి పిల్లలకు కేటాయింపవలెనని ప్రార్థన.

ఈ సంస్థ స్వర్ణోత్సవమునాటికి నేనుందునో లేదో. మావాడుండుననియే నా ఆశ. ఆనాడు ఎవరైన వానిని పేరు పెట్టి పిలిచి, ‘రా, పత్రికలు వచ్చినవి’ అన్నచో నాకు అంతకు మించిన రజతము, స్వర్ణము అక్కరలేదు.