కనబడని కట్టు

బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఎన్నో కుటుంబాలు ఖరగ్‌పూర్ చేరాయి. అక్కడి తెలుగువారు చారిత్రక నాటకం వేస్తున్నారనుకోండి. కథ 1757 నాటి బొబ్బిలి యుద్ధం. వీరుడికి అంగరఖా కుట్టాలి. కత్తి దూసేసరికి ముందుభాగం విచ్చుకుని బనియను కనబడిందో, జనం ఏడవవలసిన చోట నవ్వుతారు.

జిప్పు పెడదామా? నేటి రూపంలోని జిప్పుకు పేటెంటు వచ్చింది 1917లో. పైకి కనబడకుండా దాచినా, దాని బిరుసు గీత గుడ్డ వాలును చెడగొడుతుంది. వెల్క్రో అయితే నిశ్శబ్దంగా ఉన్న సన్నివేశంలో పర్రుమంటుంది. నాకది బొత్తిగా నచ్చదు.

ఉపాయం అంగరఖాలోనే ఉంది. అందులో ఒక అంచు మీదుగా రెండో అంచు వస్తుంది. లోపలి అంచును చంక దగ్గర నాడాతో ముడివేసి, తరవాత పై అంచును కడతారు. చూసేవారికి బయటి ముడే కనిపిస్తుంది, లాగుడు మోసేది లోపలిది. ఈ నాడాను ఉత్త అంచుకే కుట్టేస్తే బలమంతా ఒక్కచోట పడి గుడ్డ చిరుగుతుంది. వెనక రెండు వేళ్ల వెడల్పు నూలుగుడ్డ వేసి, నాడా మొదలును దానిమీద నాలుగు పక్కలా కుట్టాలి. వర్క్‌షాపులో రేకులు కలిపేవారికి ఇది కొత్త కాదు. బరువంతా ఒక్క రివెట్టు మీద వేయరు కదా!

ఇక పై అంచు. హుక్కు లాగుడు ఉన్నంతసేపే పట్టుకుంటుంది, వదులైతే జారిపోతుంది. టిచ్ బటను గుణం వేరు. పక్కకు లాగితే తట్టుకుంటుంది. అంచు పట్టి పైకి లేపితే అరటితొక్కలా ఊడివస్తుంది. అందుచేత రొమ్ము, నడుము దగ్గర హుక్కులు, వదులుగా వాలే చోట టిచ్ బటన్లు వేయాలి. హుక్కును అంచుకు రెండు మూడు మిల్లీమీటర్లు లోపలగా పెట్టి, రింగులతోపాటు దాని మెడ దగ్గర కూడా కుట్టాలి, లేకపోతే తల ఎత్తుతుంది. సూది లైనింగునే పట్టాలి, పైగుడ్డను దాటకూడదు. ఎదురుగా అదే రంగు దారంతో కాజా కడితే సరి.

నిలబెట్టి కొలత తీసుకుంటే చాలదు. నటుణ్ణి చేతులెత్తమనండి, నిండా ఊపిరి పీల్చమనండి, మోకాలిమీద కూర్చోమనండి. అంచు ఎక్కడ నోరు తెరిస్తే అక్కడ సుద్దతో గుర్తు పెట్టండి. హుక్కు చోటు అదే, దూరాలు సమానంగా ఉండనక్కరలేదు. ప్రదర్శనకు ముందురోజు పూర్తి వేషంతో కత్తియుద్ధం ఆడించి, అంగరఖా తిరగేసి చూడండి. ఎక్కడైనా దారం సాగితే ఆ రాత్రే విప్పి మళ్లీ కుట్టండి.