మూసీ ఒడ్డున మ్యూజియం, బస్తీ పిల్లలు

వాతావరణ మార్పు అనగానే పిల్లలకు కరిగే మంచుకొండల బొమ్మలు చూపిస్తాం. మన సాలార్‌జంగ్ మ్యూజియం మూసీ ఒడ్డునే ఉంది. 1908 సెప్టెంబరు 28న ఈ నదే నగరాన్ని ముంచింది. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టెక్కి 150 మంది దాకా బతికారంటారు. 2020 అక్టోబరులో మళ్ళీ బస్తీలు మునిగాయి. సర్టిఫికెట్లు నానిపోయి చదువు మానేసిన ఆడపిల్లను ఏ నష్టపరిహారం లెక్కలో రాస్తారు?

ఆ అమ్మాయిని మ్యూజియానికి చూడటానికి కాదు, చెప్పటానికి పిలవాలి. తడిసిన మార్కుల పత్రం, గోడమీది నీటి గీత, నానమ్మ చెప్పిన వరద - ఇవీ ప్రదర్శనకు తగినవే. పక్కనే, ఆనాటి వరద తర్వాత లెనార్డ్ మన్ గీయించిన నగర పటాలు పెట్టాలి. ఏ కుంట మీద ఏ కాలనీ లేచిందో పిల్లలే పోల్చుకుంటారు. మునిసిపల్ ఆఫీసులో ఏమడగాలో అప్పుడు వాళ్ళకే తెలుస్తుంది.

టికెట్ లేకుండా వారానికొక సాయంత్రం, ఒక గది అడుగుదాం. గేటు దగ్గర ఆ పిల్లల్ని ఎవరూ ఆపకుండా చూసే బాధ్యత మన సంఘాలది.