జాబితాలో మీ పేరు



కిందటి శాసనసభ ఎన్నికల నాడు ఒక వదిన బూత్ నుంచి ఏడుస్తూ వచ్చింది. చేతిలో ఓటరు కార్డు ఉంది. "కార్డు ఉన్నా ఓటు లేదన్నారు పంతులమ్మా!" అంది. పెళ్లయి ఆరేళ్లయింది. పేరు ఇంకా పుట్టింటి ఊరి జాబితాలోనే ఉంది.

కార్డు మనిషిని గుర్తుపట్టడానికే. ఓటు ఉండేది జాబితాలో.

1951-52లో మన దేశంలో మొదటి ఎన్నికలు జరిగాయి. అంతకు ముందే పేర్లు రాసుకున్నారు. ఉత్తరాదిన చాలామంది ఆడవాళ్లు తమ పేరు చెప్పలేదు. "ఫలానా ఆయన భార్యను", "ఫలానా వాడి తల్లిని" అన్నారు. అలా రాయడం కుదరదన్నారు అధికారులు. సుమారు 28 లక్షల మంది ఆడవాళ్లకు జాబితాలో చోటు లేకుండా పోయింది. మనమూ ఇప్పటికీ "శీను వాళ్లమ్మ" అనే పిలుచుకుంటాం కదా!

ఓటు ఎవరికి ఉంటుంది? భారత పౌరులై ఉండాలి. 18 ఏళ్లు నిండాలి. 1989కి ముందు 21 ఏళ్లు నిండాల్సి ఉండేది. మనం ఉంటున్న ఊళ్లో పేరు ఉండాలి. రెండు ఊళ్లలో ఉండకూడదు. ఆధార్ కార్డు ఉన్నంత మాత్రాన పౌరులని కాదు. మనం ఎవరమో అది చెబుతుంది, అంతే.

కొత్తగా పేరు చేర్చాలంటే 6వ నంబరు ఫారం. అత్తగారి ఊరికి మార్చుకోవాలన్నా, పేరులో తప్పు దిద్దాలన్నా 8వ నంబరు ఫారం. బి.ఎల్.ఓ.కి ఇవ్వాలి. పైసా కట్టక్కర్లేదు. ఎన్నికలొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు.

జాబితాలో పేరుండి కార్డు పోయిందా? దిగులొద్దు. ఆధార్ కార్డు గానీ, ఉపాధి హామీ జాబ్ కార్డు గానీ, ఫొటో ఉన్న బ్యాంకు పాస్ పుస్తకం గానీ చూపండి. ఓటు వేయనిస్తారు. రేషన్ కార్డు మాత్రం ఆ వరసలో లేదు. ఇంటికి తెచ్చి ఇచ్చే ఓటరు చీటీ ఒక్కటే చూపినా చాలదు.

ఆ వదిన 8వ ఫారం తానే నింపింది. సంతకం దగ్గర కాసేపు ఆగింది. తర్వాత ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది.

రేపు రాత్రి మన ఊరి జాబితా తెస్తాను. ఎవరి పేరు వాళ్లే వెతకాలి. నేను చదివి పెట్టను. భర్త పేరు, వయసు కూడా సరిగా ఉన్నాయేమో చూడండి. నా పేరు ఉందో లేదో కూడా మీరే చూసి చెప్పండి.