“నేనున్నాగా, రా!”



ఈ స్వర్ణోత్సవ సభలో ఉద్యోగం గురించి కాకుండా సరదా గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. నేను ఇంజనీరుని. సెలవు దొరికితే ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో డైవింగ్ చేస్తాను. అక్కడికి చదువుకోవడానికి వచ్చే మన కుర్రాళ్లు వీడియోలు చూసి, “అంకుల్, మమ్మల్నీ తీసుకెళ్లండి” అంటారు. వాళ్ల పట్ల మాలాంటి పాతకాపుల బాధ్యత ఏమిటన్నదే ఇవాళ్టి నా మాట.

మనలో చాలామంది ఈత నేర్చింది బావిలో. వీపుకు ఎండు సొరకాయ బుర్ర కట్టి, “నేనున్నాగా!” అంటూ పెద్దవాళ్లు గట్టు మీంచి తోసేవారు. తల పైకెత్తితే గాలి ఉంది కాబట్టి ఆ పద్ధతి చెల్లింది. మామూలు స్కూబా డైవింగ్ కూడా 40 మీటర్ల లోపు, నేరుగా పైకి రాగలిగే హద్దుల్లోనే సాగుతుంది.

టెక్నికల్ డైవింగ్‌లో ఆ దారి ఉండదు. గుహలో తలపైన రాతి కప్పు ఉంటుంది. లోతు సముద్రంలో రాయి లేకపోయినా, ఒంట్లో కరిగిన నైట్రోజన్ బయటికి పోయేదాకా అక్కడక్కడా ఆగుతూ పైకి రావాలి. తొందరపడితే అది సోడా మూత తీసినట్టు బుడగలు కడుతుంది; కాళ్లు చేతులు పడిపోవచ్చు, ప్రాణమూ పోవచ్చు. 30 మీటర్ల లోతులో ఒత్తిడి నేలమీద కంటే నాలుగు రెట్లు, సిలిండర్‌లో గాలి కూడా నాలుగు రెట్లు వేగంగా అయిపోతుంది. 6 మీటర్ల దగ్గర మేలు చేసే స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను 40 మీటర్ల దగ్గర పీలిస్తే మూర్ఛ వస్తుంది. అలాంటి చోట “నేనున్నాగా” అన్నది ధైర్యం చెప్పే మాట కాదు. నాకేదైనా అయితే, దారి తెలియని ఆ కుర్రాడి గతేమిటి?

షెక్ ఎక్స్‌లీ అనే అమెరికన్ గుహ డైవర్ ప్రమాదాలను ఒక్కొక్కటిగా పరిశీలించి 1979లో ఒక పుస్తకం రాశారు. బయటిదాకా తెగకుండా దారి తాడు వేసుకోకపోవడం, తిరుగు ప్రయాణానికి మూడింట రెండు వంతుల గాలి మిగుల్చుకోకపోవడం, హద్దు మీరి లోతుకు పోవడం ముఖ్య కారణాలని తేల్చారు. అంతటి ఆయనే 1994లో మెక్సికోలోని జకటోన్ అనే నీటి బిలంలో చాలా లోతుకు దిగుతూ మరణించారు. ఫ్లోరిడా గుహల లోపల మృత్యువు బొమ్మతో ఒక బోర్డు ఉంటుంది. ఇలాంటి గుహల్లో డైవింగ్ నేర్పే శిక్షకులు కూడా చనిపోయారు, ఇక్కణ్ణించి ముందుకు పోవద్దని దాని సారాంశం. సముద్రంలో ఎన్నేళ్ల అనుభవమున్నా గుహకు వేరే చదువు కావాల్సిందే.

అందుకని కుర్రాళ్లను కసిరి పంపేయకూడదు. కసిరితే బోర్డు చదివి చెప్పేవాడు లేకుండా వాళ్లే దిగుతారు. వెంటబెట్టుకుని లోపలికి పోనూ కూడదు. “ముందు నీళ్లలో కదలకుండా ఒకేచోట తేలడం నేర్చుకో, అడుగున బురద లేపకుండా కాళ్లాడించడం నేర్చుకో. ఆ తరవాత గుహ శిక్షణలో చేరు” అని చెబుతాను. బురద లేస్తే చేతిలో లైటున్నా ఏమీ కనపడదు మరి.

శిక్షణ అయ్యాక మాతో వచ్చేవారికి లెక్క ఇది. సిలిండర్‌లో 210 బార్ల గాలి ఉంటే 70 పోవడానికి, 70 రావడానికి, మిగతా 70 ఆపదలో తోటివాడి కోసం. కొత్తవాడు కంగారులో ఎక్కువ పీలుస్తాడు; అతని 70 ముందు అయిపోతుంది. అప్పుడు అందరూ వెనుదిరగాలి. నీళ్లలో బొటనవేలు పైకెత్తితే “భేష్” అని కాదు, “చాలు, పైకి పోదాం” అని అర్థం. ఎవరు ఎత్తినా, ఎందుకని అడగకుండా తిరగాలి.

మన పిల్లలకు కష్టం ఇక్కడే. పెద్దవాళ్ల ముందు వద్దనడం మర్యాద కాదని మనమే నేర్పాం. సిగ్గుపడి వేలెత్తని కుర్రాడు ప్రాణం మీదికి తెచ్చుకుంటాడు. అందుకే కొత్తవాళ్లు ఉన్న రోజు, ఏ చిన్న అనుమానం వచ్చినా, ముందుగా నేనే వేలెత్తుతాను. గట్టుకు వచ్చాక ఎవరినీ ఆటపట్టించనివ్వను. పెద్దవాడు వెనుదిరగడం ఒకసారి చూస్తే, మరోసారి వాళ్లూ ధైర్యంగా వేలెత్తుతారు.

ఇక్కడున్న మిత్రుల్లో డాక్టర్లున్నారు, కాంట్రాక్టర్లున్నారు, బస్సులు నడిపిస్తున్నవారున్నారు. మీ దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు మిమ్మల్ని చూసి “వద్దు సార్, ఆగుదాం” అనగలడా అన్నది ఒకసారి చూసుకోమని మనవి.