ఎవరి శాంతి? ఎవరి భద్రత?

(దళిత ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పేట మీద దాడి జరిగితే చాలు, రెండోరోజున జీపులో శాంతి కమిటీ దిగుతుంది. "జరిగిందేదో జరిగింది, ఇక కలిసిమెలిసి బతకండి" అంటుంది. కలిసి బతకమని మనమెప్పుడన్నామయ్యా? ఊరవతల పేట పెట్టించింది మనమా?

శాంతి అంటే దెబ్బలాట లేకపోవడమని మేం పంతుళ్లం బడిలో చెబుతాం. పావురం బొమ్మ కూడా వేయిస్తాం. ఆ లెక్కన 1991 జూలైలో చుండూరు ప్రశాంతంగానే ఉంది. ఆ నెల 4న సినిమాహాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు ముందు సీటులోని అగ్రకులస్తుడికి తగిలింది. (కాలు కాదు వాళ్లకు గుచ్చుకుంది, ఆ చదువు!) తర్వాత సాంఘిక బహిష్కరణ. పొలంలో పని లేదు, కూలి లేదు. పోలీసు పికెట్ ఉంది, 144వ సెక్షన్ ఉంది. బయటినుంచి చూసేవాడికి అంతా నిశ్శబ్దం. కడుపు మాడ్చడం హింస కాదా? సాంఘిక బహిష్కరణను అత్యాచారాల నిరోధక చట్టంలో నేరంగా చేర్చడానికి 2015 సవరణ దాకా పట్టింది!

ఆగస్టు 6న శాంతికి భంగం కలిగిందంటారు. మేం అలా అనం. పోలీసులే పేటలోకొచ్చి మగవాళ్లను పారిపొమ్మన్నారు. పొలాల్లో మాటేసినవాళ్లు వెంటాడి నరికారు. ఎనిమిది మంది! శవాలను గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. నెలరోజులు కడుపు మీద కొట్టిన చెయ్యే ఆ రోజు మెడ మీద కొట్టింది.

కారంచేడులోనూ అంతే. 1985లో తాగే నీళ్లు మురికి చెయ్యొద్దన్నారు మాదిగలు. దెబ్బ పడబోతే ఒక ఆడమనిషి బిందె అడ్డంపెట్టింది. అది దౌర్జన్యమైపోయింది! మర్నాడు, జూలై 17న, ఆరుగురిని చంపారు.

మరి మనవాళ్లేం చేశారు? చుండూరు మృతులను ఊరి నడుమ పాతిపెట్టి రక్తక్షేత్రం అన్నారు. కోర్టునే ఊరికి రమ్మని పట్టుబట్టారు. 2007 జూలై 31న ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందరినీ వదిలేసింది. పదహారేళ్లు తీర్పుకోసం కాచుకున్నవాళ్లకు శాంతిపాఠం చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది?

ఈసారి కమిటీ వస్తే కుర్చీలు వేద్దాం, మంచినీళ్లిద్దాం. తాగుతారో లేదో చూద్దాం. ఆ తర్వాత అడుగుదాం: ముద్దాయిలను పట్టుకున్నారా? అత్యాచారాల చట్టం కింద కేసు కట్టారా? ఆపిన పని ఎప్పుడిస్తారు? జవాబు వచ్చేదాకా రాజీ కాగితం మీద వేలిముద్ర పడకూడదు. ఆ కాగితం ముందు మన పిల్లల చేతికివ్వండి, పేటంతా వినేలా చదువుతారు.